ఒక్క చెయ్యి స్వెటరు

పొద్దున తొమ్మిదింటికి సఫూరా
సుల్తాన్ బజార్ మెట్రో మెట్ల కాడ నిలబడ్డది,
సంకల గుడ్డసంచి,
సంచిల తొమ్మిదేండ్ల కింద ఆపేసిన స్వెటరు.

అది నా స్వెటరే.
నా భుజాల కొలత, నా మెడ కొలత.
ఒక్క చెయ్యే ఉన్నది.
రెండో చెయ్యి మొదలువెట్టే వారంలనే
చిట్టీ పైసల కాడ మాటా మాటా వచ్చి
నేను ఆమె గల్లీ మొఖం చూడలే,
ఆమె మా గడప తొక్కలే.
తప్పెవరిదని ఇప్పుడడిగితే
ఆ చిట్టీ నడిపినోడి పేరు కూడ
ఇద్దరికీ యాదికి లేదు.

ఇయ్యాల ఊరంత అల్లికల పండుగ.
చేతికొక అట్టముక్క ఇచ్చిన్రు,
దాని మీద ఆరు దుకాణాల పేర్లు.
పోయిన ప్రతి దుకాణంల ఒక ముద్ర,
మాపటికి మారేడ్‌పల్లి బడి హాల్ల అందరు కూడి
దవాఖాన పసిపిల్లలకు బత్తాయంత టోపీలు అల్లుడు.
నాకు ముద్రలు కావాలె.
సఫూరాకు రంగు కావాలె.

"వంకాయ రంగు" అన్నది మొదటి దుకాణంల.
ఆయన పది ఉండలు బల్ల మీద పోసిండు.
అప్పుడు తెలిసింది వంకాయల్ల ఎన్ని వంకాయలో:
తెల్లారి కోసిన వంకాయ,
మాపటికి వాడిన వంకాయ,
నూనెల పడ్డ వంకాయ,
బస్సుల సంచి కింద ఒత్తుకపోయిన వంకాయ.
ఒక్కటీ ఈ స్వెటరు వంకాయ కాదు.

రెండో దుకాణం ముసలాయన
కండ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి
ఉన్న ఒక్క చెయ్యిని వెలుతురుకు పట్టిండు.
"ఈ ఊర్ల చలి ఏడాదికి పదిహేను దినాలు బేటీ.
తొమ్మిదేండ్లు లెక్కేసినా నాలుగున్నర నెలలే.
ఏం నష్టమైంది?"
తర్వాత చెప్పిండు లాటు నంబరు సంగతి.
ఒక్క కాగుల ముంచిన దారానికి ఒక్క నంబరు.
కాగు మారితే, నీళ్లు మారితే,
రంగు పేరు అదే ఉంటది, రంగు ఉండదు.
"మొదలే ఎక్కువ కొనాలె" అనుకుంట ముద్ర కొట్టిండు.
సఫూరా నా దిక్కు చూడలే.
నేను పైన తిరిగే ఫ్యాను చూసిన.

మెట్రోల ఆమె టోపీ మొదలువెట్టింది.
ఎడమచేతి వాటం.
ఎదురుంగ కూసొని చూస్తే అద్దంల నేనే అల్లుతున్నట్టుంటది,
పక్కన కూసొని నేర్సుకుంటే అంత తలకిందులు.
గాంధీ హాస్పిటల్ స్టేషన్ల బండి ఆగంగనే
పసుపు ఉండ ఒళ్లెకెళ్లి దునికి
కోచింగ్ పిల్లల కాళ్ల నడుమ ఉరికింది.
ఒక పోరడు బూటుతోటి ఆపబోయి,
ఏమనుకున్నడో, బూటు వెనక్కి తీసి,
వంగి, రెండు చేతులతోటి తెచ్చిచ్చిండు.
దిగేటోళ్లంత దారం తొక్కకుంట
ముగ్గు దాటినట్టు దాటిన్రు.

జనరల్ బజార్ల జామకాయ తిన్నం.
ఉప్పుకారం వేళ్లతోటి ఊలు ముట్టొద్దని
మూడో దుకాణం పిల్ల కసిరింది.
నల్లా రాలే. చెంబుల నీళ్లు
ఒకరి చేతుల మీద ఒకరం పోసుకున్నం.
గంతే. అంతకన్న పెద్ద మాటేం అనుకోలే.

నాలుగోది దుకాణం కాదు, చిలకలగూడల ఒక ఇల్లు.
కుట్టు టీచరుగ రిటైరైన ఫిలోమినమ్మ
బీరువా తెరిస్తే కలరా ఉండల వాసన.
స్వెటరును తిరగేసి చూసింది,
ముడులన్నీ అటుదిక్కే ఉంటయి మరి.
"వంకాయ లేదమ్మా. మెంతిరంగున్నది. మూడుండలు."
నేను వద్దనబోయిన.
"వంకాయల మెంతికారం వెయ్యమా ఏంది?" అన్నది సఫూరా.
పైసలు నేనిచ్చిన.
ఆమె ఆపలే. నేనదే చూసిన.

హాల్ల చేరేసరికి ఆరు.
అట్టముక్క మీద రెండు గళ్లు ఖాళీగనే ఉన్నయి.
పసుపు టోపీ బుట్టల వేసి,
నా చెయ్యి గుంజి, జానతోటి కొలిచింది.
"లావైనవ్."
"తొమ్మిదేండ్ల బువ్వ" అన్న.
మార్చి నెల. ఫ్యాను ఐదు మీద ఉన్నది.
భుజాల మీద స్వెటరు, వీపంత చెమట,
మెడ పక్కన ఆమె ఊపిరి.
తీద్దామని చెయ్యి లేపితే
"కదలకు," అన్నది, "సూది ఉన్నది."